వాకిలికి వీపు పెట్టిన కుర్చీ

2018. ఎన్నికలకు ఇంకా సమయం ఉండగానే ప్రొద్దుటూరులో గోడల రంగులు మారడం మొదలైన కాలం. బజారులో ఒక బట్టల అంగడి పైన, మొదటి అంతస్తులో నా కంప్యూటర్ సెంటరు. ఇరుకు మెట్లు, ఒకే వాకిలి, లోపల రెండు గదులు. ముందు గదిలో ల్యాబు. వెనక గదిలో నేను అకౌంట్స్ క్లాసు చెప్పేదాన్ని. జమ్మలమడుగు, పులివెందుల, దువ్వూరు వైపు నుంచి డిగ్రీ పిల్లలు బస్సుల్లో వచ్చి పైథాన్ నేర్చుకునేవారు. కంప్యూటరుకు పని చెప్పే భాషల్లో పైథాన్ ఒకటి. నేర్చుకోవడానికి తేలికని దానికి పేరు. ఆ పేరు పెట్టినవాళ్లు మొదటి నెలలో మా పిల్లల మొహాలు చూసి ఉండరు.

మొదటి నెలంతా నా పని తప్పులు వెతకడమే. షరతు రాసిన లైను చివర కోలన్, అంటే రెండు చుక్కలు, పెట్టాలి. పెట్టరు. తెరిచిన బ్రాకెట్ మూయాలి. మూయరు. వీటిని సింటాక్స్ ఎర్రర్లు అంటాం, రాత పద్ధతిలో తప్పులన్నమాట. రెండో రకం ఇండెంటేషన్ ఎర్రర్లు. పైథాన్‌లో ఒక షరతు కింద జరగాల్సిన పనులన్నిటినీ ఎడమ అంచు నుంచి కొంచెం లోపలికి జరిపి, అన్నీ ఒకే వరసలో రాయాలి. ఆ జరిపిన ఖాళీ పేరే ఇండెంటేషన్. ఏ పని దేని కిందికి వస్తుందో యంత్రానికి తెలిసేది ఆ ఖాళీ వల్లనే. మనం ఖాళీని పట్టించుకోం. అది ఖాళీనే పట్టించుకుంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఫలానా లైనులో తప్పుందని యంత్రం ఎర్రగా చూపిస్తుంది. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. పై లైనులో ఎవరో బ్రాకెట్ మూయకుండా పోయి ఉంటారు, పాపం కింది లైను దొరికిపోతుంది. కొత్త పిల్లలు ఆ కింది లైనునే పట్టుకుని చెరిపి రాసి, చెరిపి రాసి ఏడుస్తారు. నేను వచ్చి పై లైను చూపిస్తే నావైపు మంత్రగత్తెను చూసినట్టు చూస్తారు.

మంత్రం ఏమీ లేదు. నేను అనుమానపు మనిషిని, అంతే. మా నాయనకు ఇదే ఊర్లో బంగారు అంగడి. సొంత బావమరిది ఉంగరం తెచ్చినా గీటురాయి మీద గీసి చూశాకే కాఫీ తెప్పించేవాడు. ఆయన దగ్గర పెరిగినదాన్ని. ఏ పిల్లవాడైనా వచ్చి తానేం మార్చలేదని, ప్రోగ్రాం దానంతటదే చెడిపోయిందని చెబితే నేను ఇంతవరకూ ఒక్కరినీ నమ్మలేదు. తప్పులు దిద్దే వృత్తిలో ఉన్నవాళ్లకు ఈ గుణం పనికొస్తుంది. ఇంట్లో మాత్రం పనికిరాదు, ఆ కథ వేరు.

ఓబులేసు జమ్మలమడుగుకూ ముద్దనూరుకూ నడుమ ఒక పల్లె నుంచి వచ్చేవాడు. డిగ్రీ చివరి ఏడాది. సన్నగా, మాట తక్కువగా ఉండేవాడు. వాళ్ల నాయన లింగన్న ఆ పల్లెలో ఒక పార్టీకి పెద్ద దిక్కు. లింగన్న తమ్ముణ్ణి చాలా ఏళ్ల కిందట దారిలో కాపు కాసి చంపేశారు. చంపినవాళ్లది ఒక పార్టీ, వీళ్లది ఒక పార్టీ. ఆ తర్వాత పార్టీల పేర్లు, జెండాల రంగులు మారాయి గానీ అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే ఉండిపోయారు. ఈ కథ జరిగే నాటికి నాటుబాంబులు వేసుకోవడం దాదాపు ఆగిపోయింది. భయం మాత్రం ఎవరి ఇళ్లలో వాళ్లకు అలాగే ఉంది.

కాలేజీలో చూపించాల్సిన ప్రాజెక్టుకు ఓబులేసు బస్సుల ప్రోగ్రాం ఎంచుకున్నాడు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకో పులివెందులకో పోవాలంటే ఏ వేళకు ఏ దారిన పోవచ్చో చెప్పే ప్రోగ్రాం. అన్ని అడ్డదారులూ, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, దిగి ఎటు నడిస్తే ఇంకో బస్సు దొరుకుతుందో వాడికి కంఠతా వచ్చు. ఇరవై ఏళ్ల పిల్లవాడికి ఇన్ని దారులు ఎందుకు తెలియాలని అప్పుడే నాకు చిన్న అనుమానం. అడగలేదు.

అదే బ్యాచిలో మల్లికార్జున ఉండేవాడు. అందరూ మల్లి అనేవాళ్లు. కొండాపురం పక్క పునరావాస కాలనీ నుంచి వచ్చేవాడు. వాళ్ల పాత ఊరు గండికోట రిజర్వాయరు కింద మునిగిపోయింది. ఇంట్లో గొర్రెల మంద ఉంది, కొంచెం సేద్యం ఉంది. వాళ్ల నాయన ఎన్నికలప్పుడు పోలింగ్ బూత్‌లో ఏజెంటుగా కూర్చుంటాడు, లింగన్నకు ఎదుటి పార్టీ తరఫున. ఈ సంగతులు నాకు పిల్లలను చేర్చుకునేటప్పుడు తెలియవు. నేను పేర్ల వరసలో సిస్టమ్‌లు కేటాయించాను, పార్టీల వరసలో కాదు. అలా వీళ్లిద్దరూ ఎదురెదురుగా పడ్డారు.

ల్యాబులో ఒకే పొడుగు టేబుల్. దానికి రెండు పక్కలా సిస్టమ్‌లు. వాకిలి వైపు వరసలో కూర్చున్నవాళ్ల వీపులు వాకిలికి ఉంటాయి. గోడ వైపు వరసలో కూర్చున్నవాళ్లకు వాకిలి కనపడుతుంది. వాకిలి వైపువి కొత్త సిస్టమ్‌లు, గోడ వైపువి పాతవి. కొత్తవాటిలో ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్ ఉంది, ట్యాబ్ అనే మీట నొక్కితే నాలుగు స్పేసులు, అంటే ఖాళీ గుర్తులు, పడతాయి. పాతవాటిలో ఆ సాఫ్ట్‌వేర్ నడవక సాదా ఎడిటర్ పెట్టాను. అందులో అదే మీట నొక్కితే ట్యాబ్ అనే ఒకే గుర్తు పడుతుంది. కంటికి రెండూ ఒకే ఖాళీ. ఒకే ఫైలులో రెండూ కలిస్తే మాత్రం పైథాన్ ఒప్పుకోదు, ఇండెంటేషన్ కుదరలేదని నిలబడిపోతుంది. అందుకే ఒక విద్యార్థికి ఒకే సిస్టమ్ అని నియమం పెట్టి గోడకు అంటించాను. ఓబులేసుది వాకిలి వైపు కొత్తది. మల్లిది ఎదురుగా పాతది.

ఒక రోజు ఓబులేసు వెనక గదిలోకి వచ్చాడు.

"నిన్న నడిచినాది మేడం. ఈ పొద్దు నడవల్యా."

పోయి చూశాను. స్పేసుల నడుమ ట్యాబులు. ఈ తప్పు నాకు కొత్త కాదు. "గోడ పక్క సిస్టంలో ఏమన్నా రాసినావా?" అన్నాను.

"లేదు మేడం. నా సిస్టంలోనే."

మామూలుగా అయితే నమ్మను. కానీ హాజరు కాగితంలో వాడి సంతకం వాడి సిస్టమ్ ఎదుటే ఉంది. అన్నీ స్పేసులుగా మార్చి, నడిపించి చూపించి పంపాను. రెండు రోజులకు మళ్లీ అదే. ఈసారి వేరే లైన్లలో. మళ్లీ దిద్దాను. వారం తిరగకముందే మళ్లీ వచ్చాడు. ఈసారి గదిలోకి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మేడం, ఎవురో నా ఫైలు తెరుస్తాండారు."

వాడన్నది కొట్టిపారేయడానికి లేదు. పిల్లల ఫైళ్లన్నీ అందరికీ కనపడే ఒకే ఫోల్డరులో ఉండేవి. ట్యాబులు పడేది గోడ వైపు పాత సిస్టమ్‌ల నుంచి. గోడ వైపు కూర్చునేవాళ్లలో అందరికంటే ముందు వచ్చేది, అందరికంటే చివర పోయేది మల్లి. నేను కూడా వాడి వైపే చూడటం మొదలుపెట్టాను. వాడు తల వంచుకుని టైపు చేస్తుంటే ఏం చేస్తున్నాడో అనిపించేది. తల ఎత్తితే ఎవరిని చూస్తున్నాడో అనిపించేది. అనుమానానికి ఏది వేసినా అరుగుతుంది.

ఒకసారి వాడిని వెనక గదికి పిలిచి అడిగాను. "ఓబులేసు ఫైలు ఎప్పుడన్నా తెరిచినావా?"

"వాని ఫైలుతో నాకేం పని మేడం? నా గొర్ల ప్రోగ్రామే నాకు తెగల్యా." గొర్రెలకు టీకాలు ఎప్పుడు వేయించాలో గుర్తుచేసే ప్రోగ్రాం వాడిది.

"మరి అందరికంటే ముందు వచ్చి ఏం చేస్తాండావు?"

"కొండాపురంనుంచి పొద్దన్నే ఒగటే బస్సు మేడం. అది తప్పితే ఎండెక్కినాక రావాల."

జవాబు ముందే తయారుచేసి పెట్టుకున్నట్టు ఉంది అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నిజం చెప్పేవాడికి కూడా జవాబు తయారుగానే ఉంటుంది కదా, ఇంక ఎలా చెబుతాడు.

అనుమానం తీర్చుకోవడానికి నాకు తెలిసిన పద్ధతి ఒకటే, గీసి చూడటం. ఓబులేసు ఫైలును ఆ ఫోల్డరు నుంచి తీసేశాను. వాడి పెన్‌డ్రైవులో వేసి, జేబులోంచి బయటికి తీయొద్దని, పని చేసుకునేటప్పుడు తప్ప సిస్టమ్‌కు పెట్టొద్దని చెప్పాను. మల్లి కాదు కదా, నేను కూడా ముట్టుకోవడానికి వీల్లేదు. మూడో రోజు ఓబులేసు వచ్చాడు. అదే తప్పు.

ఇప్పుడు నా అనుమానం ఓబులేసు మీదికి తిరిగింది. తన గడ్డివామికి తానే నిప్పు పెట్టుకుని ఎదుటి పార్టీ మీద కేసు పెట్టడం మా వైపు కొత్త కాదు. పక్కింటివాళ్లు వాసన చూసి చెప్పేస్తారు, ఏ వామి కాలింది, ఏ వామిని కాల్చుకున్నారు అని. ఎన్నికల ముందు ఇలాంటి మంటలకు గిరాకీ ఎక్కువ. వీడు మల్లి మీద పెట్టడానికి తన ప్రోగ్రాంను తానే చెడగొట్టుకుంటున్నాడా? మొహం చూస్తే అలా లేదు. కానీ మొహాలను నమ్మితే మా నాయన అంగడి ఎప్పుడో మూసుకునేవాడు.

"పెన్‌డ్రైవు నీ జేబులోనే ఉండాది గదా. ఇంక ఎవరు చేసినట్ల?" అని గట్టిగానే అడిగాను.

వాడు నేల చూశాడు. "నాకేం తెల్సు మేడం. మా నాయనకు చెప్పినా."

అంతవరకూ ఇది ల్యాబులో సంగతి. లింగన్న చెవిన పడ్డాక కంప్యూటర్ మాటగా మిగలదు. అంతకుముందు దువ్వూరు పక్క ఒక ఊర్లో ఫ్లెక్సీ చించారని మాటా మాటా పెరిగి ఇద్దరు ఆసుపత్రి పాలయ్యారు. తర్వాత తెలిసింది, చింపింది గాలి. ఇక్కడ గాలి కూడా లేదు, మల్లి ఒక్కడే ఉన్నాడు. వాడు రోజూ ఒకే బస్సులో వస్తాడు, ఒకే బస్సులో పోతాడు. కాపు కాయాలనుకున్నవాళ్లకు కష్టం ఏమీ ఉండదు.

ఆ సాయంత్రం మల్లిని పిలిచి నాలుగు రోజులు రాకుండా ఉండమన్నాను.

"నేను రాకుంటే నేనే చేసినానని ఒప్పుకున్నట్ల గదా మేడం."

"నీ మంచికే చెప్తాండా."

"తెల్సు మేడం. రేపు వస్తా," అని మెట్లు దిగిపోయాడు. నాకు కోపం వచ్చింది. భయపడాల్సిన పిల్లవాడు భయపడకపోతే పెద్దవాళ్లకు వచ్చే కోపం అది.

మరుసటి పొద్దున పది గంటలప్పుడు కింద జీపు ఆగింది. లింగన్న ఇద్దరు మనుషులతో మెట్లెక్కి వచ్చాడు. వాళ్లను వాకిట్లో నిలబెట్టి, చెప్పులు బయట విడిచాడు. లోపలికి వచ్చి గది అంతా ఒకసారి చూసి, కుర్చీని గోడకు ఆనించుకుని, వాకిలి కనపడేలా కూర్చున్నాడు. మెల్లగా మాట్లాడే మనిషి. గట్టిగా మాట్లాడేవాళ్లకంటే ఇలాంటివాళ్లంటేనే నాకు భయం. గదిలో పిల్లలు ఒక్కొక్కరే టైపు చేయడం ఆపేశారు.

"ఏమ్మా, మా పిల్లోని పని ఎవురో చెడగొడ్తాండారంట."

"చెడిపోతాండేది నిజమే అన్నా. ఎవరు చేస్తాండారో ఇంకా తేలల్యా."

"తేలేదానికి ఏముండాది. ఈ గదిలో వాళ్ల మనిషి ఒగడే గదా," అన్నాడు, మల్లి వైపు చూడకుండానే.

మల్లి లేచి నిలబడ్డాడు. బయటికి పోవడానికి కాదు. పేరు పిలిచినప్పుడు నిలబడినట్టు నిలబడ్డాడు. వాకిట్లో ఉన్న ఇద్దరిలో ఒకడు అడుగు లోపలికి వేశాడు. ఈ పిల్లవాడికి నా ల్యాబులో ఏమైనా జరిగితే, లేదా ఇవాళ సాయంత్రం బస్సు దిగినచోట జరిగితే, కొండాపురంలో వాళ్ల అమ్మకు నేను ఏం చెప్పాలి? నేను కూడా వాడిని అనుమానించినదాన్నే కదా.

"అన్నా, ఒక్క మాట," అన్నాను. "ఇప్పుడు మీ ముందరే ఫైలు శుభ్రం చేస్తా. మీ పిల్లోడు మీ ముందరే రాస్తాడు. ఎవరూ ముట్టుకోరు. చెడిపోతే మీ కండ్ల ముందరే చెడిపోనీ. ఆపైన మీ ఇష్టం."

ఆయన తల ఊపాడు. నేను పెన్‌డ్రైవు తీసుకుని అన్నీ స్పేసులుగా మార్చి, నడిపి చూపించాను. బస్సుల వేళలు చక్కగా వచ్చాయి. పెన్‌డ్రైవు ఓబులేసు చేతిలో పెట్టి, కూర్చుని ఇంకో దారి రాయమన్నాను.

ఓబులేసు పెన్‌డ్రైవు తీసుకుని తన కుర్చీ పక్కనుంచే నడిచి, టేబుల్ చుట్టూ తిరిగి, గోడ వైపు కిటికీ దగ్గర ఖాళీగా ఉన్న పాత సిస్టమ్ ముందు కూర్చోబోయాడు.

"యాడికప్పా? నీ సిస్టం ఇది గదా," అన్నాను.

వాడు ఆగిపోయి నాయన వైపు చూశాడు. లింగన్న మొదటిసారి కొంచెం నవ్వాడు.

"వాడు ఒగ కుర్చీలో రెండు దినాలు కూచ్చోడు లేమ్మా. నేనే చెప్పినా. వచ్చిన దారిన పోవద్దు, కూచ్చున్న తావున కూచ్చోవద్దు, వాకిలికి వీపు పెట్టొద్దు, యాడుంటావో ఎవురికీ చెప్పొద్దు. మా తమ్ముడు ఈ మాట ఇనకనే పోయినాడు."

కొడుకు తన మాట జవదాటడని ఒక తండ్రి గర్వంగా చెప్పుకున్న మాట అది. నేను అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను.

"ఎన్నాళ్లనుంచి ఇట్ల?" అని ఓబులేసును అడిగాను.

"చేరినకాన్నుంచి మేడం. మీరు ఆ గదిలో క్లాసు చెప్పేటప్పుడు. యాది ఖాళీగా ఉంటే ఆడ. గోడ పక్క ఉంటే గోడ పక్క, లేకుంటే ఈ పక్క."

"మరి నేనడిగినప్పుడల్లా నా సిస్టంలోనే అంటివి?"

"యాడ కూచ్చున్నానో చెప్పగూడదు గదా మేడం," అన్నాడు. వాడి గొంతులో తప్పు చేసినట్టు ఏమీ లేదు. పేరు అడిగితే చెప్పినట్టు చెప్పాడు. అబద్ధం ఆడానని కూడా వాడికి తెలియదు. ఆ ఇంట్లో అది అబద్ధం కాదు, దారి చూసి నడవడం లాంటిది. అన్ని బస్సు దారులు ఎందుకు తెలుసో కూడా అప్పుడే అర్థమైంది.

నేను వాడిని పాత సిస్టమ్ ముందే కూర్చోమన్నాను. రెండు లైన్లు రాయించాను. ఆ తర్వాత కొత్త సిస్టమ్‌కు రప్పించి ఇంకో రెండు లైన్లు రాయించి నడపమన్నాను. తెర మీద ఎర్రగా తప్పు వచ్చింది. పిల్లలందరూ మెడలు చాచి చూస్తున్నారు. దాగిన గుర్తులను చూపించే ఏర్పాటు ఒకటి ఎడిటర్‌లో ఉంటుంది. దాన్ని తెరిచాను. స్పేసులు చిన్న చుక్కలుగా, ట్యాబులు బాణాలుగా కనపడ్డాయి. లింగన్నను లేచి రమ్మన్నాను. వచ్చి, తెరకు వేలు ఆనించాడు.

"ఈ చుక్కలు ఏందమ్మా?"

"మీవాడు ఈ పక్క కూచ్చోని రాసినవి."

"ఈ బాణాలు?"

"ఆ పక్క కూచ్చోని రాసినవి."

"నొక్కినాది ఒగటే మీట గదా?"

"మీట ఒకటే అన్నా. కూచ్చున్న తావు వేరే."

ఆయన ఆ బాణాలనే చూస్తూ నిలబడ్డాడు. "అంటే చెడగొట్టినాది నేనంటావు."

"నేను అనల్యా అన్నా. మిషన్ అంటాది."

వాకిట్లో ఉన్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని వీధి వైపు తిరిగారు. లింగన్న మల్లికి క్షమాపణ చెప్పలేదు. అలాంటి మాటలు ఆయన నోట రావు, వస్తే నేనే నమ్మేదాన్ని కాదు. మల్లి ఇంకా నిలబడే ఉన్నాడు.

"సరే. ఏం జేయమంటావు?" అన్నాడు లింగన్న.

"పని అయ్యేదాకా ఒకే కుర్చీలో కూచ్చోవాల."

"యాది?"

నేను చూపించాను. ఆయన ఆ కుర్చీని చూశాడు, దాని వెనక తెరిచి ఉన్న వాకిలిని చూశాడు. గోడ వైపు కుదరదా అన్నాడు. కాలేజీవాళ్లు చూసే సాఫ్ట్‌వేర్ పాతవాటిలో నడవదన్నాను. బల్ల తిప్పితే పోలేదా అన్నాడు వాకిట్లో మనిషి. వైర్లన్నీ నేలలోంచి వస్తాయి, తిప్పితే గది తవ్వాలన్నాను. లింగన్న దవడ కదులుతోంది. తమ్ముడు పోయినప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ రోజూ ఒకేచోట, వాకిలికి వీపు పెట్టి కూర్చోలేదు. నేను అడుగుతున్నది చిన్న సంగతి కాదని నాకు తెలుసు. కాదంటే కొడుకును వెంటబెట్టుకుని పోతాడు, ప్రాజెక్టు పోతుంది. పోతే పోయింది, మల్లి మీద మచ్చ మాత్రం ఊర్లో అలాగే ఉండిపోతుంది. చుక్కలు, బాణాలు జీపెక్కి పల్లెకు రావు కదా.

అప్పుడు మల్లి మాట్లాడాడు. నాతోనే, తల కొంచెం వంచి.

"మేడం, వాని సిస్టం నాకు ఎదురుగానే ఉండాది. నాకు వాకిలి కనపడ్తాది."

లింగన్న వాడి వైపు తిరిగాడు. గదిలోకి వచ్చాక వాడిని చూడటం అదే మొదలు.

"కనపడితే?"

"ఎవురొచ్చినా ముందు నేనే చూస్తా అప్పా."

"చూసి?"

"వానికి చెప్తా."

నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఈ పిల్లవాడికి దీనివల్ల ఏం లాభం? భయపడి అంటున్నాడా, మంచి అనిపించుకోవాలనా, లేక ఇంకేదైనా ఉందా? మా నాయన ఉంగరాన్ని చూసినట్టు వాడి మొహం చూశాను. ఎంత చూసినా ఏమీ దొరకలేదు. ఎవరో ఒకరు వాకిలి చూడాలి, తాను ఎలాగూ ఆ వైపే కూర్చుంటాడు, అందుకని చెప్పాడు. అంతే. అంతకంటే ఏమీ లేని మాటను నమ్మడం నాకు ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

లింగన్న చాలాసేపు వాడినే చూశాడు. తర్వాత కొడుకు వైపు తిరగకుండానే, "కూచ్చో," అన్నాడు.

ఓబులేసు వాకిలికి వీపు పెట్టి కూర్చున్నాడు. భుజాలు బిగుసుకుపోయి ఉన్నాయి. లింగన్న చెప్పులు వేసుకుని, మెట్ల దగ్గర ఆగి ఒకసారి వెనక్కి తిరిగాడు. అక్కడ నిలబడితే కొడుకు వీపు మాత్రమే కనపడుతుంది. ఆ వీపును చూస్తూ కొంచెంసేపు నిలబడ్డాడు. కాపు కాసినవాడికి తన తమ్ముడు ఎలా కనపడి ఉంటాడో అదే చూస్తున్నాడని నాకు అనిపించింది. తర్వాత దిగిపోయాడు.

తర్వాత కొన్నాళ్లు కింద జీపు నిలబడే ఉండేది. ఆపైన జీపు పోయి ఒక మనిషి మాత్రం టీ అంగడి దగ్గర కూర్చునేవాడు. ఆ తర్వాత వాడూ రావడం మానేశాడు. ప్రోగ్రాంలో మళ్లీ ఒక్క బాణం కూడా పడలేదు. కోలన్లు మాత్రం ఓబులేసు మర్చిపోతూనే ఉన్నాడు, అందుకు ఏ పార్టీనీ అనలేం.

ఓబులేసు, మల్లి స్నేహితులయ్యారా అంటే నాకు తెలియదు. పెద్దగా మాట్లాడుకోవడం నేను చూడలేదు. మెట్లు దిగాక ఎవరి బస్సు వారిదే. కానీ ఒకటి గమనించాను. వాకిలి చప్పుడైతే ఓబులేసు వెనక్కి తిరిగేవాడు కాదు. తెర మీదనుంచి కళ్లెత్తి మల్లి మొహం చూసేవాడు. మల్లి వాకిలి వైపు చూసి, మళ్లీ తన గొర్రెల్లో పడిపోతే, వీడు కూడా తన బస్సుల్లో పడిపోయేవాడు.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక అలవాటు మారింది. నడిచిన ప్రోగ్రాం చెడిపోయిందని ఎవరైనా వస్తే, ఏం మార్చావని ముందు అడగను, ఎక్కడ కూర్చున్నావని అడుగుతాను. చెప్పడానికి తటపటాయిస్తే ఎందుకు చెప్పలేకపోతున్నాడో ఆలోచిస్తాను. అనుమానం మానుకోలేదు, మానితే ఈ పని చేయలేను. కాకపోతే యంత్రం వేలు చూపించిన లైను మీద పడినట్టు, ఎవరో వేలు చూపించిన మనిషి మీద పడకుండా ముందు పై లైను చూస్తున్నాను.

ప్రాజెక్టు ఇవ్వడానికి ముందు ఒక మధ్యాహ్నం పెద్ద గాలి వచ్చింది. వాకిలి తలుపు దబ్బుమని కొట్టుకుంది. నేనే వెనక గదిలోంచి ఉలిక్కిపడి వచ్చాను. మల్లి తల ఎత్తి వాకిలి వైపు చూశాడు, ఎవరూ లేరు. ఓబులేసు తల ఎత్తలేదు. మల్లి మొహం కూడా చూడలేదు. నోట్లో ఏదో గొణుక్కుంటూ, పై లైనులో మూయని బ్రాకెట్ వెతుక్కుంటున్నాడు.